గ్లింప్స్ వేరు, గ్లాన్స్ వేరు

ప్రశ్న: సార్ నమస్తే. మా పాప టెన్త్ చదువుతోంది, స్కూల్ టెస్టులో 'ఐ గ్లింప్స్‌డ్ ఎట్ ద షిప్' అని రాస్తే మార్కు కట్ చేశారు. గ్లింప్స్ అన్నా గ్లాన్స్ అన్నా అలా ఓసారి చూడటమే కదండీ, మరి తప్పేంటి? సినిమావాళ్ళు గ్లింప్స్ అని వదుల్తున్నారు, అది కరెక్టేనా?
- ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: తప్పు ఆ 'ఎట్' దగ్గర ఉందమ్మా. గ్లాన్స్ అంటే మనం కావాలని అటు ఓ చూపు వేయడం, అందుకే ఎట్ కావాలి. గ్లింప్స్ అంటే ఏదో క్షణంసేపు కంటపడి పోవడం, దీనికి ఎట్ రాదు, 'ఐ గ్లింప్స్‌డ్ ద షిప్' అంటే చాలు. 'కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్ ద షిప్' అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

సింహాచలం చందనోత్సవమే తీసుకోండి. ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్న అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపంలో దర్శనమిస్తాడు, ఎండలో గంటలు గంటలు క్యూలో నిలబడి, తీరా స్వామి ఎదురుగా వచ్చేసరికి జరగండి జరగండి అని తోసేస్తుంటే ముందువాళ్ళ తలల మధ్యలోంచి ఒక్కసారి కనపడతాడు చూడండి, అదీ గ్లింప్స్, ఎంతసేపు దక్కుతుందో మన చేతిలో లేదు. అదే క్యూలో నిలబడి టైమెంతైందా అని వాచీ వైపు చూస్తే గ్లాన్స్. అరకు రైల్లో టన్నెల్‌కీ టన్నెల్‌కీ మధ్య లోయ కనపడి మాయమైపోవడం కూడా గ్లింప్సే.

సినిమావాళ్ళది కరెక్టే, హీరోని కొన్ని సెకన్లు చూపించి ఆపేస్తారు కాబట్టి ఆ పేరు బాగానే నప్పింది.

గ్లాన్స్‌కి తగిలి పక్కకి జారిపోవడం అనే అర్థం కూడా ఉంది. క్రికెట్‌లో లెగ్ గ్లాన్స్ అంటారే, ఎవరి పేరుమీద రంజీ ట్రోఫీ ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీకి బాగా పేరు తెచ్చిన షాట్, బంతిని బాదరు, బ్యాట్‌కి అలా తాకించి ఫైన్ లెగ్ వైపు పంపేస్తారు, నాకైతే ఎంత అందమైన షాటో.

పాపకి ఇంకోటి కూడా చెప్పండి. కేంద్ర బడ్జెట్‌తో పాటు 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అని ఇస్తారు, అంటే ఒక్క చూపులో లెక్కంతా తెలిసేట్టు అని. అక్కడ గ్లింప్స్ అని పెడితే లెక్కలో ఏదో కొంచెం చూపించి మిగతాది చూపించలేదన్నట్టు అయిపోతుంది.