వెదురు కప్పు వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామ దీవెనలు.

బేతంచెర్లలో కట్టబోయే ఇంటికి వెదురు కప్పు వేయాలనుకుంటున్నావనీ, ఆ మాట చెప్పినప్పటి నుంచి ఇంట్లో గొడవగా ఉందనీ రాశావు. పెద్దవాళ్ల మీద కోపం పెంచుకోవద్దు. మన కర్నూలు పల్లెల్లో వెదురంటే పెళ్లికి పందిరి, చావుకు పాడె, పేదవానికి కొట్టం. నాపరాతి గోడలూ, పైన మిద్దే ఉంటేనే దాన్ని ఇల్లంటారు. నేనూ మీ అమ్మా పుట్టింది కొట్టంలోనే. మీ తాత కూడబెట్టి మట్టిమిద్దె వేసిన రోజున మీ అవ్వ సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ కన్నీళ్లు చూసిన మీ అమ్మకు, మళ్లీ వెదురంటే కష్టపడి ఎక్కిన మెట్టు దిగిపోతున్నట్లే ఉంటుంది.

పుచ్చిపోతుందని వాళ్లు అనేది కూడా అబద్ధం కాదు. మేస్త్రీగా పనిచేసిన నలభై ఏళ్లలో, రెండేళ్లకే వాసాల నుంచి పసుపుపచ్చని పొడి రాలిన కొట్టాలను నేను ఎన్నో చూశాను. వెదురులో ఉండే పిండిపదార్థం కోసం పురుగు తొలుస్తుంది. లేత గడలను అదను చూడకుండా నరికి, పచ్చిగానే వాడి, మొదళ్లను నేలలో పాతితే పైన పురుగూ కింద చెదలూ కలిసి దాన్ని ముగిస్తాయి. ఆ తప్పు మనం వాడిన తీరుదని మీ అమ్మకు మాటలతో చెప్పలేవు, చేసి చూపించాలి.

లోపల గుల్ల తక్కువగా ఉండే సాదనపు వెదురునే తీసుకో. మూడేళ్లు నిండిన గడ మీద తెల్లని బూడిదపూత పోయి మచ్చలు పడి ఉంటాయి, కొడితే గణగణమంటుంది. వానలు వెనకబట్టిన తరువాత, చలికాలంలో నరికించు. అప్పుడు పిండిపదార్థం తక్కువగా ఉంటుంది. ఆ తరువాతి పనిలో మాత్రం ఎవరు తొందరపెట్టినా వినవద్దు. పురుగు పట్టకుండా వంద లీటర్ల నీటిలో రెండు కిలోల బోరిక్ ఆమ్లం, మూడు కిలోల బోరాక్స్ (వెలిగారం) కరిగించి, కణుపుల లోపలి అడ్డుపొరలను పొడవాటి ఇనుప చువ్వతో పొడిచి, గడలు పూర్తిగా మునిగేటట్లు తొట్టిలో కనీసం వారం రోజులు నానబెట్టు. తీసిన తరువాత ఎండలో పడవేస్తే పగులుతాయి కాబట్టి నీడలో నిలబెట్టి నెలకు పైగా ఆరనివ్వు. ఈ మందు వాననీటికి కొట్టుకుపోతుంది. అందుకే గోడలకు మన నాపరాయినే వాడి, వాసాలకు మాత్రం వెదురు పెట్టి, పైన పెంకులు కప్పి, చూరును రెండు మూడు అడుగులు బయటికి దించు. వసారా స్తంభాలు కూడా నేలను తాకకూడదు. అడుగున్నర ఎత్తు రాతి దిమ్మె మీద నిలబెట్టు. మేకులు కొడితే వెదురు చీలుతుంది, కనుక కణుపుకు దగ్గరగా రంధ్రం చేసి బోల్టు బిగించాలి.

సిమెంటు మన నేల సున్నపురాయి నుంచే వస్తుంది కదా అని మీ నాన్న అన్నాడట. నిజమే, కానీ ఆ రాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి, తవ్విన గుంట మళ్లీ పూడదు. వెదురు పొదలో ముదురు గడలు తీసి లేతవి వదిలితే ఏటేటా కొత్త పిలకలు వస్తూనే ఉంటాయి. ఇంజనీరు సందేహిస్తే, 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో వెదురుకు ప్రత్యేక విభాగమే ఉందని చూపించు.

గడలు మాత్రం రైతు పొలం నుంచే కొను. 2017లో అటవీ చట్టాన్ని సవరించినప్పటి నుంచి అడవి బయట పెంచిన వెదురు ఆ చట్టం దృష్టిలో చెట్టు కాదు. నల్లమల వెదురు అలా కాదు, అది అడవి సొత్తు; ఎవరైనా చవకగా తెచ్చిస్తామంటే ఒప్పుకోవద్దు.

ముందు ఇల్లంతా మొదలుపెట్టకుండా, ఇప్పుడున్న ఇంటి ముందు ఒక్క వసారా వెయ్యి. మీ అమ్మను రెండు వానాకాలాలు దాని కింద కూర్చోనివ్వు. పొడి రాలుతుందో లేదో ఆమే చూసుకుంటుంది. మార్గశిరంలో గడలు ఎంచడానికి నేను వస్తాను, అప్పటికి తొట్టి కట్టించి ఉంచు.

మీ మామ