ఎప్పుడో వచ్చిన ఇల్లులా ఉంది

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 24. పెళ్లయ్యాక మొదటిసారి రాజమండ్రిలో మావారి మేనత్త గారింటికి వెళ్లాం. హాల్లో అడుగు పెట్టగానే ఈ ఇంటికి ఎప్పుడో వచ్చాననిపించి ఒళ్లు జలదరించింది. పూర్వజన్మ వాసన అంటారు మా అత్తగారు. మొన్న స్కూల్లో ప్రోగ్రెస్ కార్డుల మీద వరసగా ‘ఉత్తీర్ణత’ అని రాస్తుంటే, అసలిది తెలుగు మాటేనా అని అనుమానం వచ్చింది. మెదడులో ఏమైనా తేడా చేసిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచర్, తెనాలి

జవాబు: పూర్వజన్మలో ఆ ఇంట్లో తిరిగి ఉంటే వంటగది ఎటుందో చూడకముందే చెప్పగలగాలి కదమ్మా! అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ సైకాలజిస్టు ఆన్ క్లియరీ దాదాపు ఈ పరీక్షే పెట్టారు. కంప్యూటర్లో తయారుచేసిన చోట్లలో జనాన్ని తిప్పుతూ, మధ్యలో ఆపి, తర్వాత ఎటు తిరుగుతామో చెప్పమన్నారు. ముందే చూసినట్టుందన్న వాళ్లు తమకు తెలుసనే అనుకున్నారు. తీరా లెక్క చూస్తే, గుడ్డిగా చెప్పినా అన్నే ఒప్పయ్యేవి!

ఆ చోట్లలో ఒక కిటుకుంది. ఒక తోటలో మొక్కలు ఏ తీరున ఉన్నాయో, ఇంకోచోట తుక్కు సామాను కుప్పలు అదే తీరున ఉంటాయి. తోట గుర్తుకు రాదు, తెలిసిన చోటన్న భావన మాత్రం వచ్చేస్తుంది. రాజమండ్రి హాల్లో మెట్లు, కిటికీ, సోఫా ఉన్న వరస మీరు చిన్నప్పుడు ట్యూషన్‌కి వెళ్లిన ఇంటిదేమో ఆలోచించండి. కొత్త చోటు ముందే చూసినట్టనిపించే ఈ ‘డెజావూ’ మీ వయసులో ఎక్కువ, పోనుపోనూ తగ్గుతుంది. అరవై దాటిన నాకు ఇప్పుడు ఎప్పుడో గాని రాదు, వస్తే సరదాగానే ఉంటుంది.

‘ఉత్తీర్ణత’ సంగతికొస్తే, క్రిస్ మౌలిన్, అకీరా ఓకానర్ అనే సైకాలజిస్టుల బృందం విద్యార్థుల చేత ఒకే మాటను పదేపదే రాయించింది. సుమారు 70 శాతం మంది ఒక్కసారైనా ‘ఏదో వింతగా ఉంది’ అని కలం ఆపేశారు. దీనికి 2023లో ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఈసారి ముందు కొన్ని పేర్లు, తర్వాత కొన్ని మార్కులు, ఇలా మార్చి మార్చి రాయండి.

ఇక డాక్టరుగా అడగాల్సినవి. ఇది తరచూ వస్తోందా? వచ్చినప్పుడు కడుపులోంచి ఏదో పైకెక్కినట్టు, లేని వాసన తగిలినట్టు ఉంటోందా? ఆ కాసేపు పిలిచినా పలకడం లేదని, పెదాలు చప్పరిస్తున్నారని ఇంట్లోవాళ్లు అన్నారా? అయితే అది టెంపోరల్ లోబ్ (మెదడులో కణతల వైపు ఉండే భాగం) మూర్ఛ కావచ్చు. న్యూరాలజిస్టును కలవండి, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీస్తారు. మళ్లీ వస్తే మీవారిని ఫోన్‌లో వీడియో తీయమనండి, మాకు చాలా పనికొస్తుంది. ఇవేవీ లేకపోతే స్కానింగుల జోలికి పోకండి.