డబ్బు కట్టి రాస్తేనే వ్యక్తిత్వ పరీక్ష సరైనదా?

"ఉచితంగా దొరికే వ్యక్తిత్వ పరీక్షలను నమ్మవచ్చా, లేక డబ్బు కట్టి రాసేవే మేలా?" అని అడిగారు. అందరికీ తెరిచి పెట్టినవే మేలు. ఈ మాట గట్టిగా అంటున్నాను, ఎందుకంటే ఎం.ఫిల్. కోసం అలాంటి ఒక ప్రశ్నావళిని స్వయంగా తెలుగు చేశాను.

మొదట నేను ఎంచుకున్నది వేరే ప్రశ్నావళి. దానికి ప్రతి కాపీకీ రుసుము కట్టాలన్నారు. రెండు వందల మందితో నింపించాలి, నాకొచ్చే ఉపకార వేతనం హాస్టలు భోజనానికే సరిపోయేది. అప్పుడు మా గైడు ఐపీఐపీ (ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్) చూడమన్నారు. అమెరికాలోని ఒరెగాన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో లూయిస్ గోల్డ్‌బర్గ్ 1990లలో మొదలుపెట్టిన, వ్యక్తిత్వాన్ని కొలిచే వాక్యాల నిధి అది. ఇప్పుడు అందులో 3,000కు పైగా వాక్యాలున్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. అనుమతి అడగనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో కూడా అందరికీ కనిపిస్తుంది.

అందులోని 50 వాక్యాల ప్రశ్నావళిని తెలుగు చేసి, తెనాలి దగ్గర మా ఊరు తీసుకువెళ్లాను. అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా పెద్దమ్మ పక్కన కూర్చుని మొదటి వాక్యం చదివాను: "పార్టీకి నేనే ప్రాణం." పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను ఏ పార్టీలోనూ లేనమ్మా, ఓటు మాత్రం వేస్తాను" అంది. అక్కడే కొట్టేసి "నలుగురు చేరిన చోట సందడంతా నాదే" అని రాసుకున్నాను.

మరికాసేపటికి "నేను ఎక్కువగా మాట్లాడను" అనే వాక్యం వచ్చింది.

"ఎవరితో?"

"ఎవరితోనైనా, పెద్దమ్మా."

ఆమె చేతిలోని కాయ అలాగే ఆగిపోయింది. "మా మామగారు ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో నా గొంతు ఎవరూ వినలేదు. నాట్లకు వెళ్తే మాత్రం నా పాట లేనిదే పని సాగదనేవారు. ఇప్పుడు నువ్వు ఏది రాసుకుంటావు?"

ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు (1 అంటే ఆ వాక్యం తనకు అసలు సరిపోదు, 5 అంటే పూర్తిగా సరిపోతుంది), వాటి మీద నా పెన్సిలు. చివరికి 3 చుట్టాను. ఆ 3 అబద్ధం. ఆమె ఎక్కడా మధ్యరకంగా మాట్లాడే మనిషి కాదు, ఒకచోట 1, మరొకచోట 5.

ఆ రాత్రి రెండు వాక్యాలు కొత్తగా చేర్చాను. ఒకటి ఇంటి పెద్దల ముందు మాట గురించి, ఒకటి తోటివారి మధ్య మాట గురించి. డబ్బు కట్టి తెచ్చుకున్న ప్రశ్నావళి అయితే ఒక్క మాట మార్చడానికైనా ఎక్కడో ఉన్న ప్రచురణకర్తకు అర్జీ పెట్టుకోవాలి. ఉచితమైనదాన్ని ఎందుకు నమ్ముతానంటే, అందులో తప్పు కనిపిస్తే దిద్దే హక్కు నాకుంది.

తెరిచి పెట్టడం పరిశోధనకూ మేలే. 2015లో 100 మనస్తత్వ పరిశోధనలను తిరిగి చేసి చూస్తే సుమారు 36 శాతమే నిలిచాయి, అంటే వాటిలోనే మొదటి ఫలితం మళ్లీ వచ్చింది. వ్యక్తిత్వానికీ జీవితంలో జరిగే వాటికీ మధ్య చెప్పుకునే 78 సంబంధాలను మనస్తత్వ పరిశోధకుడు క్రిస్టఫర్ సోటో మళ్లీ పరీక్షించి 2019లో ప్రకటించినప్పుడు 87 శాతం నిలిచాయి. వ్యక్తిత్వ పరిశోధకులకు ప్రశ్నలు పంచుకునే అలవాటు ముందునుంచీ ఉండడమే ఈ తేడాకు కారణమని నా అభిప్రాయం.

మన దగ్గర ఆ అలవాటు లేకపోవడమే నా బాధ. తెలుగు చేసిన ప్రశ్నావళులు థీసిస్‌ల చివరి పేజీల్లో బీరువాల పాలవుతున్నాయి. తన అనువాదాన్ని అందరికీ ఇమ్మని ఒక సీనియర్‌ను అడిగితే "గైడు ఒప్పుకోరు" అంది. తరువాత వచ్చే విద్యార్థి మళ్లీ "పార్టీ" దగ్గరే తడబడతాడు. ఈలోపు పిల్లల వేలిముద్రలు తీసుకుని "మీవాడు ఇంజినీరు అవుతాడు" అని రంగుల రిపోర్టు ఇచ్చేవాళ్లకు తల్లిదండ్రులు వేలకు వేలు కడుతున్నారు. వేలిముద్రలో బుద్ధి కనిపించదు. దయచేసి ఆ డబ్బు మిగుల్చుకోండి.

నా అనువాదాన్ని అడిగినవారందరికీ ఇస్తూనే ఉన్నాను. ఒక వాక్యం మాత్రం ఇప్పటికీ కుదరలేదు. ఉదయం ఉత్సాహంగా ఉండి మధ్యాహ్నానికి కారణం లేకుండా దిగులు పడే స్వభావాన్ని "నా మనసు తరచూ మారుతుంది" అని రాశాను. చదివినవాళ్లు దాన్ని మాట మీద నిలబడకపోవడం అనుకుంటున్నారు. మీ ఊళ్లో దీనికి చక్కని మాట ఉంటే కింద రాయండి, ఈ వారమే మారుస్తాను.