కొత్త నర్సును సీనియర్లు వేధించడం ఈ వృత్తిలో మామూలేనా?

కొత్తగా వార్డులో చేరాననీ, సీనియర్ సిస్టర్లు రోగుల ముందే కసురుతున్నారనీ, డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లో అవసరమైన సంగతులు చెప్పకుండా వెళ్లిపోతున్నారనీ, ఇదంతా మామూలేనా లేక ఉద్యోగం మానేయాలా అనీ మీరు అడిగారు. ఇది చాలాచోట్ల జరిగేదే గానీ, ట్రైనింగ్‌లో భాగమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. కొత్తలో నేనూ ఇవి పడ్డాను, తర్వాత ఇన్‌ఛార్జ్‌గా డ్యూటీలు వేసే పనీ చేశాను.

చేతులు శుభ్రం చేసుకోకుండా డ్రెస్సింగ్ ట్రే ముట్టుకుంటే అక్కడికక్కడే ఆపవలసిందే. గొంతు కటువుగా ఉన్నా అది నేర్పడమే. తప్పేమిటో చెప్పకుండా "నీకు సర్టిఫికెట్ ఎవరిచ్చారమ్మా" అని రోగి బంధువుల ముందు నవ్వితే అందులో నేర్చుకోవడానికేమీ లేదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది నోరు మెదపకుండా చేసే వేధింపు. ఇన్సులిన్ లాంటి మందులు ఇచ్చే ముందు మరో నర్సు మోతాదు సరిచూడాలన్న నియమం చాలా ఆసుపత్రుల్లో ఉంది. సిరంజి, కేస్ షీట్ రెండూ పట్టుకుని "ఒక్కసారి చూస్తారా సిస్టర్" అని నేను అడిగితే, ఒక సీనియర్ రిజిస్టర్లోంచి తల ఎత్తకుండానే సంతకం గీసి షీట్ నా వైపు నెట్టేసేది. సిరంజి మీద ఎన్ని యూనిట్లున్నాయో ఆమె చూసేదే కాదు. ఇలా నాలుగుసార్లు జరిగితే కొత్తవాళ్లు అడగడమే మానేస్తారు, దాని ఫలితం అనుభవించేది మంచం మీది రోగి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, బెదిరింపు ధోరణి వైద్యంలో పొరపాట్లకు దారితీస్తుందని 2008లో ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా.

పైవారిని ఎదిరించలేని సమూహాలు తమలో తామే కలహించుకుంటాయన్న వాదనను 1983లో నర్సింగ్ పరిశోధకురాలు సూసన్ రాబర్ట్స్ నర్సులకు అన్వయించి రాశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమన్నమాట. డాక్టరు చేత రౌండ్స్‌లో మాటపడిన సీనియర్, ఆ వెంటనే జూనియర్ మీద విరుచుకుపడటం నేను చూసినదే. ఆ సీనియర్ మీద నాకు జాలి ఉంది, అయినా ఫిర్యాదు వస్తే తీసుకునేదాన్ని.

ఎదురు మాట అప్పటికప్పుడు తోచదు గనుక ముందే సాధన చేయండి. 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నర్సింగ్ పరిశోధకురాలు మార్తా గ్రిఫిన్ కొత్త నర్సులకు, ఎలా బదులివ్వాలో రాసిన చిన్న కార్డులిచ్చి ఇదే నేర్పించారు. "తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను, రోగి ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పండి" అన్న ఒక్క వాక్యం వణకకుండా అనగలిగితే చాలు.

ఫిర్యాదు మాత్రం రాతపూర్వకంగానే ఇవ్వండి. "నన్ను అవమానించారు" అని రాస్తే "ఆమె స్వభావమే అంత, సర్దుకో" అంటారు. "ఫలానా తేదీ ఉదయం హ్యాండోవర్‌లో పొటాషియం డ్రిప్ వేగం మార్చిన సంగతి నాకు చెప్పలేదు, షీట్‌లోనూ రాయలేదు, రౌండ్స్‌లో బయటపడింది" అని రాస్తే దాన్ని పక్కన పెట్టడం ఏ సూపరింటెండెంట్‌కైనా కష్టం. ఇలాంటివి గుర్తుకోసం మీ సొంత పుస్తకంలో రాసుకుంటే, అందులో రోగుల పేర్లు మాత్రం రాసుకోకండి. ఒక్కసారి జరిగినా వేధింపే కావచ్చనీ, శిక్షణలో ఉన్నవారికీ రక్షణ వర్తిస్తుందనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం చెబుతోంది. మీ దేశం దాన్ని ఆమోదించిందో లేదో చూసుకోండి.

రాజీనామా గురించి అడిగారు గనుక, ముందు వార్డు మార్పు కోరండి. ఫిర్యాదు ఇచ్చిన తర్వాత వచ్చే డ్యూటీ పట్టికను జాగ్రత్తగా గమనించండి. వరుసగా నైట్లన్నీ మీకే పడి, అడిగినా ఇన్‌ఛార్జ్ కారణం చెప్పకపోతే, మరో ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం చేసుకుని అప్పుడు మానేయండి.