బాధ నిజమే, దాని వెనుక ఉన్న ఆలోచన సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 34. అక్క ఫోను తీయకపోయినా, మాట మధ్యలో పెట్టేసినా నాకు గుండె దడ మొదలవుతుంది. ముందు కోపం, ఆ తర్వాత ఏడుపు. రెండు మూడు రోజులు దేనిమీదా మనసు నిలవదు. ‘‘అన్నీ నువ్వే ఊహించుకుంటావు’’ అంటారు మావారు. నా బాధ నిజం కాదా?

జవాబు: నిజమేనమ్మా. ఆ దడ, ఆ కన్నీళ్లు మీరు కోరి తెచ్చుకున్నవి కావు. ‘‘ఊహించుకుంటావు’’ అని కొట్టిపారేస్తే ఇంకా ఒంటరిగా అనిపించడం సహజం. అయితే బాధ నిజమైనంత మాత్రాన దాని వెనుక ఉన్న ఆలోచన కూడా నిజమై తీరాలని లేదు.

అక్క ఫోను తీయలేదు, మీకు ఏడుపొచ్చింది. ఈ రెండింటి నడుమ రెప్పపాటులో మనసు ఒక మాట అనేస్తుంది. ‘‘నేనంటే లెక్కలేదు’’ అంటే కోపం వస్తుంది. ‘‘నేనేం తప్పు చేశానో’’ అంటే భయం వేస్తుంది. ‘‘పాపం, ఏ పనిలో ఉందో’’ అని ఉంటే రెండూ రావు. అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో డిప్రెషన్ రోగుల్లో గమనించింది ఇదే. పిలవకుండా వచ్చే ఇలాంటి ఆలోచనలను వాళ్లు పరీక్షించకుండానే నమ్మేస్తున్నారు. ఆలోచనలను పరీక్షించి సరిచేసుకోవడం నేర్పే చికిత్స, అంటే కాగ్నిటివ్ థెరపీకి అక్కడే పునాది పడింది.

ఈసారి దడ మొదలవగానే మనసు అన్న మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. దాని కింద అక్క నిజంగా అన్నది మాత్రమే రాయండి. ‘‘తర్వాత చేస్తా’’ అని ఉంటే అంతే. గొంతులో విసుగు వినిపించిందా, అదీ రాయండి. ఆ విసుగు మీమీదే అన్నది మాత్రం మనసు చేర్చుకున్నది. నిద్ర చాలని రోజున, అలసిపోయిన రోజున ఇలాంటి చేర్పులు ఎక్కువవుతాయి. ఒంటి స్థితి కూడా ఆలోచనను నల్లబరుస్తుంది కాబట్టి అలాంటి రాత్రుల్లో ఏ నిర్ణయానికీ రావద్దు.

‘‘అక్కకు నేనంటే ప్రాణం’’ అని బలవంతంగా నచ్చజెప్పుకోమని నేను చెప్పను. ఆమె నిజంగానే దూరమవుతూ ఉండవచ్చు. అప్పుడు మీ బాధ సరైన చోటే ఉన్నట్టు. తేల్చుకోవాలంటే అడగాలి: ‘‘ఈమధ్య నువ్వు తొందరగా ఫోను పెట్టేస్తుంటే నాకు కష్టంగా ఉంటోంది అక్కా. ఏమైనా ఇబ్బందా?’’ నింద లేకుండా, ఇంతే.

మీవారికీ ఒక మాట చెప్పండి. ‘‘ఊహించుకుంటావు’’ అనే బదులు ‘‘అప్పుడు నీకేమనిపించింది?’’ అని అడగమనండి. నిద్ర, తిండి, పని రెండు వారాలకు మించి దెబ్బతింటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా క్లినికల్ సైకాలజిస్టును కలవండి.