పాఠకుల ప్రశ్నలు: ఆరు చానెళ్ల కార్డు, మోగేది రెండు స్పీకర్లే

ప్రశ్న: మా కంప్యూటరు మదర్‌బోర్డులోని సౌండు చిప్ ఆరు చానెళ్లకు పనికొస్తుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. వెనుక మూడు జాక్‌లే ఉన్నాయి. లినక్స్ వేసుకున్నాక ముందు స్పీకర్లు రెండే మోగుతున్నాయి. ఇది డ్రైవరు లోపమేనా?

జవాబు: చాలా సందర్భాల్లో కాదు. లినక్స్‌లో సౌండు కార్డుల డ్రైవర్లు ఆల్సా అనే వ్యవస్థలో ఉంటాయి. యారోస్లావ్ కిసెలా 1998లో ప్రారంభించిన ఈ వ్యవస్థ, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నాటికి ఓఎస్ఎస్ అనే పాత సౌండు వ్యవస్థ స్థానాన్ని ఆక్రమించింది. స్టూడియోలలో వాడే ఎన్వీ24 చిప్ కార్డులకు ఒకేసారి పది చానెళ్లు వినిపించే, పన్నెండు చానెళ్లు రికార్డు చేసే డ్రైవరు అందులో చాలా ఏళ్లుగా ఉంది. కాబట్టి ఆరు చానెళ్లు దానికి పెద్ద బరువేమీ కాదు.

మీ ఇబ్బంది ఆ మూడు జాక్‌ల దగ్గరే ఉండవచ్చు. మామూలుగా ఆకుపచ్చది స్పీకర్లకు, నీలం రంగుది లైన్-ఇన్‌కు (బయటి పరికరం నుంచి ధ్వని లోపలికి రావడానికి), గులాబీ రంగుది మైక్‌కు. ఆరు చానెళ్లు కావాలంటే ఈ చివరి రెండింటినీ లోపలికి వచ్చే దారుల నుంచి బయటికి వెళ్లే దారులుగా మార్చాలి. సాధారణంగా నీలం జాక్ వెనుక స్పీకర్లకు, గులాబీ జాక్ మధ్య స్పీకరుకూ సబ్‌వూఫరుకూ పోతాయి. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే ధ్వని అమరికల ప్రోగ్రామును తెరిచి, ఎఫ్6 నొక్కి మీ కార్డును ఎంచుకుంటే, ఇటువంటి చాలా చిప్‌లకు ‘చానెల్ మోడ్’ అనే అంశం కనిపిస్తుంది. అది రెండు చానెళ్ల మీద ఉన్నంతకాలం మిగతా రెండు జాక్‌లూ మైక్, లైన్-ఇన్‌లుగానే ఉంటాయి. దానిని ఆరుకు మార్చండి. వెనుక, మధ్య, సబ్‌వూఫరు చానెళ్లలో ఏదైనా మ్యూట్‌లో ఉన్నదేమో అక్కడే చూసుకోండి.

ఆ తరువాత పై అంతస్తుకు రావాలి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు సాధారణంగా నేరుగా ఆల్సాతో మాట్లాడవు. వాటికీ డ్రైవరుకూ మధ్య పల్స్ఆడియో గానీ పైప్‌వైర్ గానీ, అంటే ప్రోగ్రాముల ధ్వనిని కార్డుకు చేర్చే సౌండు సర్వరు, ఉంటుంది. అక్కడ కార్డు ప్రొఫైల్ స్టీరియో అని ఉంటే డ్రైవరు ఆరు చానెళ్లు ఇస్తున్నా మీకు రెండే అందుతాయి. ప్రొఫైల్‌ను అనలాగ్ సరౌండ్ 5.1కు (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు) మార్చి, స్పీకర్-టెస్ట్ అనే ఆదేశాన్ని ఆరు చానెళ్లతో నడిపి, ఒక్కొక్క స్పీకరే వరుసగా మోగుతున్నదో లేదో వినండి. పాట పెట్టి పరీక్షించకండి. అది స్టీరియోలో రికార్డయినదైతే అందులో ఉండేవే రెండు చానెళ్లు.

ఒక చిక్కు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే డ్రైవరును అన్యాయంగా నిందించేది ఎక్కువగా ఇక్కడే. ఆల్సా 5.1 అమరికలో ముందు ఎడమ, ముందు కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి, మధ్య, సబ్‌వూఫరు అనే వరుస ఉంటుంది. వేవ్ ఫైళ్లలో ముందు రెండింటి తరువాత మధ్య, సబ్‌వూఫరు వచ్చి, వెనుకవి చివరన ఉంటాయి. ఏదైనా ప్రోగ్రాము ఈ వరుసను మార్చకుండా డేటాను పంపితే సినిమాలో సంభాషణ వెనుక ఎడమ స్పీకరులోంచి వినిపిస్తుంది. అప్పుడు సరిచేయవలసింది ఆ ప్రోగ్రామును.

ప్రశ్న: ఎనిమిది మైకులతో రికార్డింగు చేయాలి. నా దగ్గర నాలుగేసి చానెళ్ల యూఎస్‌బీ పరికరాలు రెండున్నాయి. లినక్స్‌లో వాటిని ఒక్కటిగా కలిపి వాడవచ్చా, లేక ఎనిమిది చానెళ్లది కొత్తగా కొనాలా?

జవాబు: ఆల్సాలోని ‘మల్టీ’ ప్లగిన్ రెండింటినీ ఒకే ఎనిమిది చానెళ్ల పరికరంలా చూపగలదు. కానీ చూపడం వేరు, గడియారాలు కలవడం వేరు. ప్రతి పరికరంలోనూ గడియారాన్ని నడిపే దాని సొంత స్ఫటికం ఉంటుంది. రెండింటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నదనుకుందాం. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) వేగంలో అది సెకనుకు 2.4 శాంపిళ్లు, గంటకు 8,640 శాంపిళ్లు, అంటే 180 మిల్లీసెకన్లు. గంట గడిచేసరికి మొదటి పరికరంలోని డప్పు, రెండో పరికరంలోని గాత్రం చెవికి తెలిసేంతగా విడిపోతాయి. పరికరాల గడియారాలను కలిపే వర్డ్ క్లాక్ కేబులుతోనో, ఒకదాని డిజిటల్ అవుట్‌పుట్‌ను రెండో దానికి ఇచ్చి దాని గడియారాన్నే అనుసరించేలా చేసో రెండింటినీ ఒక దారిలో పెట్టగలిగితే నిశ్చింతగా కలపండి. ఆ సదుపాయం లేకపోతే రెండో పరికరం ధ్వనిని మొదటిదాని వేగానికి సరిపోయేలా ఎడతెగకుండా రీశాంపిల్ చేసే ప్రోగ్రాములున్నాయి, వినడానికి అవి చాలు. కానీ ముఖ్యమైన రికార్డింగుకు నేను ఒకే గడియారం ఉన్న ఎనిమిది చానెళ్ల పరికరాన్నే కోరుకుంటాను.

కొనేటప్పుడు అది యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 ప్రమాణాన్ని పాటిస్తుందో లేదో చూడండి. పాటిస్తే తయారీదారు డ్రైవరుతో పని లేకుండా, కెర్నెల్‌లోని సాధారణ యూఎస్‌బీ డ్రైవరే దానిని నడుపుతుంది. ఈ మద్దతు 2010లో వచ్చిన 2.6.35 కెర్నెల్ నుంచి ఉంది. ఆడియో క్లాస్ 1 పరికరాలు సాధారణంగా యూఎస్‌బీలో ‘ఫుల్ స్పీడు’ అని పిలిచే పాత, తక్కువ వేగంలోనే నడుస్తాయి కనుక మిల్లీసెకనుకు ఒక ప్రవాహంలో 1,023 బైట్లకు మించి పంపలేవు. 24 బిట్ల, 48 కిలోహెర్ట్జ్ ఎనిమిది చానెళ్లకు 1,152 బైట్లు కావాలి. డ్రైవరును ఎంత బాగా రాసినా ఆ గొట్టంలో అవి పట్టవు. పైప్‌వైర్‌లో ‘ప్రో ఆడియో’ ప్రొఫైల్‌ను ఎంచుకుంటే ఎనిమిది చానెళ్లూ స్పీకరు పేర్లేవీ లేకుండా విడివిడిగా కనిపిస్తాయి, మైకులకు అదే అనువు.

ప్రశ్న: లినక్స్ లాంటివే అయిన బీఎస్‌డీ ఆపరేటింగ్ వ్యవస్థలలో ఈ బహుళ చానెళ్ల సౌకర్యం ఉందా?

జవాబు: ఉంది. ఫ్రీబీఎస్‌డీకి 2009లో వచ్చిన 8.0తో బహుళ చానెళ్ల మద్దతు లభించింది. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్వీ24 కార్డులకు సొంత డ్రైవరు ఉంది. పైగా అక్కడి ఎస్ఎన్‌డీఐఓడీ అనే సౌండు సర్వరు ఎనిమిది చానెళ్లలో మొదటి రెండింటిని ఒక ప్రోగ్రాముకు, తరువాతి రెండింటిని మరొకదానికి వేరే పరికరాలుగా పంచి ఇవ్వగలదు.