బ్యాకప్ మొదలైతే ఫోన్‌లో మాట తెగుతోందా?

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న ఆడిటింగ్ ఆఫీసు. పన్నెండు ఐపీ ఫోన్లకూ, కంప్యూటర్లకూ కలిపి ఒకటే ఇంటర్నెట్ లైన్. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. సాయంత్రం ఫైళ్లు క్లౌడ్‌లోకి బ్యాకప్ అవుతుంటే మా మాట అవతలివాళ్లకు ముక్కలుముక్కలుగా వినిపిస్తోందట. వాళ్ల మాట మాకు బాగానే ఉంటోంది. కోడెక్‌ను (మాటను డేటాగా మార్చే పద్ధతిని) జీ.729కి మార్చి, ప్యాకెట్ టైమ్ (ఒక్కో డేటా ప్యాకెట్‌లో పట్టే మాట నిడివి) 40 మిల్లీసెకన్లు పెట్టుకోమని సర్వీస్ అబ్బాయి అంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: వద్దండి. అసలు చిక్కు మీ ప్రశ్నలోనే ఉంది. అవతలి మాట బాగానే వస్తోందంటే డౌన్‌లోడ్‌కు ఢోకా లేదు, ఇరుకు అప్‌లోడ్‌లోనే.

లెక్క చూడండి. మామూలు కోడెక్ జీ.711లో ప్యాకెట్ టైమ్ 20 మిల్లీసెకన్లయితే సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. ఒక్కోదాంట్లో మాట 160 బైట్లు, అడ్రసుల్లాంటి హెడర్లు 40 బైట్లు. అంటే కాల్‌కు 80 కేబీపీఎస్, ఈథర్నెట్‌తో కలిపితే 87. పన్నెండు మందీ ఒకేసారి మాట్లాడినా ఒక ఎంబీపీఎస్‌కు కాస్త అటూఇటూ. పదిలో ఒకటి! మరి మాట ఎందుకు తెగుతోందంటే, మిగతాదంతా బ్యాకప్ ఆక్రమించేసి, మాట ప్యాకెట్లు దాని వెనక క్యూలో ఇరుక్కుంటున్నాయి.

జీ.729 మాటను 8 కేబీపీఎస్‌కు కుదించేస్తుంది, నిజమే. కానీ 20 మిల్లీసెకన్ల దగ్గర మాట 20 బైట్లయితే హెడర్లు అవే 40. ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి! 40కి పెంచితే ఈ దండగ తగ్గుతుంది గానీ, ఒక్క ప్యాకెట్ పోతే రెట్టింపు మాట పోతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. పైగా ఎంత చిన్న ప్యాకెట్టయినా క్యూలో నిలబడాల్సిందే.

చేయాల్సింది రౌటర్‌లో. క్యూఓఎస్‌లోకి (ఏ డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) వెళ్లి అప్‌లోడ్ లిమిట్ 9 ఎంబీపీఎస్ పెట్టండి. అప్పుడు క్యూ మీ రౌటర్‌లోనే, మీ అదుపులో ఉంటుంది. తర్వాత డీఎస్‌సీపీ (ప్యాకెట్ ప్రాధాన్యాన్ని చెప్పే గుర్తు) 46 ఉన్న ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఫోన్‌లోనూ వాయిస్‌కు అదే నంబరు ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లు ఇదే గుర్తును టీఓఎస్ అనే పేరుతో, వేరే అంకెలో అడుగుతాయి, అక్కడ 46 కాదు, 184 కొట్టాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

కోడెక్‌ల వరుసలో ముందు జీ.722 పెట్టండి. బ్యాండ్‌విడ్త్ జీ.711 అంతే అయినా ఆఫీసు లోపలి కాల్స్‌లో గొంతు చాలా స్పష్టంగా ఉంటుంది. తర్వాత పీసీఎంఏ, ఆ కింద పీసీఎంయూ (రెండూ జీ.711 రకాలే). జీ.729 చివర. ప్యాకెట్ టైమ్ ఫోన్‌లోనూ పీబీఎక్స్‌లోనూ (ఆఫీసు ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజ్) 20 ఉంచండి.

ఎప్పుడైనా జీ.729 వాడక తప్పకపోతే డీటీఎంఎఫ్‌ను (మీటలు నొక్కితే వెళ్లే టోన్లు) ఆర్‌ఎఫ్‌సీ 2833లో పెట్టండి, అప్పుడవి మాటతో కలవకుండా విడిగా వెళ్తాయి. ఇన్‌బ్యాండ్‌లో, అంటే మాటతోనే కలిసి వెళ్లేలా ఉంటే ఆ కోడెక్ టోన్లను పాడుచేస్తుంది. బ్యాంకు ఐవీఆర్‌లో (మీటలు నొక్కమనే రికార్డు గొంతు) ఎన్నిసార్లు 2 నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఇవన్నీ అయ్యాక బ్యాకప్ నడుస్తుండగానే ఒక కాల్ చేసి, ఫోన్ స్టేటస్ పేజీలో ప్యాకెట్ లాస్ చూడండి. మీకు కావాల్సింది లోకల్ అంకె కాదు, రిమోట్ అంకె, అంటే మీ మాటలో అవతలివాళ్లకు చేరనిది. అది ఇంకా పెరుగుతుంటే అప్‌లోడ్ లిమిట్‌ను మరో అర ఎంబీపీఎస్ దించండి.